గ్యారేజీ తలుపుకు రెండు కళ్ళు

సౌదీలో ఇరవై రెండేళ్ళు ఏం చేశావని రాయచోటిలో కనబడిన ప్రతివాళ్ళూ అడుగుతారు. డ్రైవరనో వెల్డరనో చెబుతానని ఎదురుచూస్తారు. గ్యారేజీ తలుపులు బాగుచేసేవాణ్ణి, వాటికి నూనె పెట్టేవాణ్ణి అంటే నవ్వు ఆపుకుంటారు. ‘‘తలుపుకు నూనె పెట్టేదానికి అంత దూరం పోవల్లనా మస్తాన్ భాయ్?’’ అన్నాడు మా వీధి టీకొట్టాయన. ఇక్కడ అంగళ్ళకు చుట్టుకునే షట్టర్లు తప్ప ఆ రకం తలుపే లేదు. ఏమని చెప్పేది?

ఇప్పుడు మా పక్క పల్లెల నుంచి కొందరు ఇదే పనికి వెళుతున్నారు. వెళ్ళే ముందు వచ్చి నన్ను అడుగుతున్నారు. అక్కడ ఉండేందుకు ఇచ్చే ఇఖామా కార్డు సంగతులు ఏజెంటు చెబుతాడు. పనిముట్ల పేర్లు నెల తిరిగేసరికి అవే వస్తాయి. ఎవరూ చెప్పనివి కొన్ని ఉన్నాయి. అందులో ఒకటి నేను చేసిన తప్పు. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

బరువు స్ప్రింగుది

ధహ్రాన్‌లో మా మెయింటెనెన్స్ కంపెనీ కింద కాలనీ ఇళ్ళూ, బయట సౌదీల విల్లాలూ ఉండేవి. ఆ ఇళ్ళ గ్యారేజీ తలుపు ఒకటే రెక్క కాదు. అడ్డంగా నాలుగైదు పలకలు, వాటి మధ్య కీళ్ళు, రెండు పక్కలా చిన్న చక్రాలు. మీట నొక్కితే ఆ చక్రాలు గోడకున్న పట్టాల్లో పాకుతాయి. తలుపు పైకి వెళ్ళి కప్పు కింద పడుకుంటుంది. చూసేవాళ్ళు దాన్ని మోటారు ఎత్తుతుందనుకుంటారు. కాదు. బరువంతా తలుపు నెత్తిన ఉన్న స్ప్రింగు మోస్తుంది. మోటారు చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది, అంతే.

అందుకే ఇంట్లోకి వెళ్ళగానే నూనె డబ్బా తీయకండి. ముందు తలుపు పూర్తిగా మూసి, మోటారు దగ్గర వేలాడే ఎర్ర తాడు లాగండి. మోటారుకూ తలుపుకూ ఉన్న లంకె ఊడుతుంది. అప్పుడు తలుపును చేత్తో నడుము దాకా ఎత్తి మెల్లగా వదలండి. అది అక్కడే నిలబడాలి. కిందికి జారిందంటే స్ప్రింగు అలసిపోయిందని అర్థం. ఆ తలుపుకు ఎంత నూనె పెట్టినా అది ఇంటివాళ్ళను మోసం చేయడమే.

నూనె విషయంలో మొదటి ఏడాది నేను చేయని తప్పు లేదు. పట్టాల నిండా గ్రీజు పూసేవాణ్ణి. తలుపు నున్నగా జారుతుంటే ఇంటివాళ్ళు సంతోషించేవారు. పది రోజులకు గాలి వీచేది. అక్కడి ఇసుక పిండిలా ఉంటుంది, మూత పెట్టిన డబ్బాలోకీ దూరుతుంది. గ్రీజు దాన్ని పట్టుకుని బంకమట్టిలా గట్టిపడేది. చక్రాలు ఇరుక్కునేవి. పట్టాను పొడిగుడ్డతో తుడవాలి, ఏమీ పూయకూడదు. నూనె కీళ్ళకు, చక్రాల బేరింగులకు చుక్కలుగా, స్ప్రింగు మీద పల్చగా పెట్టాలి. పెట్టాక మిగిలింది తుడిచెయ్యాలి. కింది రబ్బరు పట్టీకి సిలికాన్ కొట్టకపోతే ఒక్క ఎండాకాలానికే పగులుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టేసి నూనె పెట్టామనుకునేవాళ్ళున్నారు. అది ఉన్న నూనెను కూడా కడిగేస్తుంది.

ఉస్తాద్

ఇవన్నీ నాకు నేర్పింది మా ఫోర్‌మన్ రహ్మత్ ఖాన్. పెషావర్ వైపు మనిషి. అందరం ఉస్తాద్ అని పిలిచేవాళ్ళం. ఆయన వీధిలో నిలబడి ఉండగా తలుపు ఒకసారి లేచి దిగితే చాలు, ‘ఎడమవైపు మూడో చక్రం’ అనేవాడు. వెళ్ళి చూస్తే అదే అయ్యేది.

స్ప్రింగు బిగించడానికి రెండు ఇనుప కడ్డీలుంటాయి. ఒకసారి వాటిని వ్యాన్‌లో మరిచి, వెళ్ళి తెచ్చుకోవడానికి బద్ధకించి, స్క్రూడ్రైవరుతో తిప్పబోయాను. ఉస్తాద్ వెనక నుంచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. తన ఎడమచెయ్యి నా కళ్ళ ముందు పెట్టాడు. రెండు వేళ్ళు సగానికే ఉన్నాయి.

‘‘ఏ స్క్రూడ్రైవర్ కా కామ్ హై మస్తాన్, దేఖ్ లే’’ అన్నాడు. స్క్రూడ్రైవరు చేసిన పనే ఇది, చూసుకో అని.

ఆయన గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. పనిలో అంత నిక్కచ్చి మనిషి పై ఆఫీసు నుంచి ఫోను వస్తే మెత్తబడిపోయేవాడు. ఒకే ఇంటి నుంచి రెండుసార్లు ఫిర్యాదు వస్తే చెమటలు పట్టేవి. ఎలాగైనా ఫిర్యాదు ఆగాలి అనేవాడు. ఆ ‘ఎలాగైనా’ నాకూ అంటుకుంది.

తెలుగు మాట

మా ఇంట్లో ఉర్దూ. బడి, బజారు, స్నేహితులు తెలుగు. సౌదీలో ఉర్దూకు కొదవ లేదు. పొద్దుట లేచింది మొదలు ఉస్తాద్‌తో అదే, ఫోన్లో మా ఇంటావిడ షంషాద్‌తో అదే. తెలుగుకు మాత్రం మొహం వాచిపోయాను. మా క్యాంపులో తెలుగువాడు లేడు. వ్యాన్‌లో ఒంటరిగా పోతున్నప్పుడు ముందు కార్ల నంబర్లను తెలుగులో పైకి చదువుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో అబూ ఫహద్ ఇంటికి మొదటిసారి వెళ్ళాను. ఆయన రిటైరైన స్కూలు మాస్టారు. ఇంట్లో ఆయన, భార్య ఉమ్ ఫహద్, పెద్దకొడుకు ఫహద్. పని చేస్తుంటే నట్టు ఒకటి చేతిలోంచి జారి కారు కిందికి దొర్లిపోయింది. ‘‘దీని దుంపతెగ!’’ అన్నాను.

‘‘తెలుగోళ్ళాండీ?’’ అని ఒక ఆడగొంతు వినబడింది.

లోపలి గుమ్మంలో చీపురు పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. నట్టు సంగతి మరిచి లేచి నిలబడ్డాను.

‘‘ఔన్మా. రాయచోటి, కడప పక్క. మీది యాడ?’’

‘‘రాజోలు దగ్గరండీ. నా పేరు నాగమణండీ. నేనొచ్చి పదకొండు నెల్లయ్యిందండీ. ఎదురుగా మనిషి తెలుగు మాటాడగా వినడం ఇదే.’’ తలకు కట్టుకున్న గుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది.

ఆ ఇంట్లో ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. తిండి బాగానే పెట్టేవారు. గడప దాటనిచ్చేవారు కాదు. ఫోను శుక్రవారం ఒక అరగంట. నాలుగు నెలలకోసారి నేను సర్వీసుకు వెళితే గ్యారేజీలో చెప్పులు, పెట్టెలు జరపడానికి ఆమెను పంపేవారు. పని జరగాలంటే తలుపు తెరిచి ఉండాలి. ఆ గంటసేపు ఆమెకు వీధి కనబడేది, నాకు తెలుగు వినబడేది.

మేం పెద్దగా ఏం మాట్లాడుకున్నామని! కూతురికి లెక్కలు రావడం లేదని ఆమె బెంగ పడేది. మా ఊరి ఎండల గురించి నేను చెప్పేవాణ్ణి. మాటలు అయిపోయాక ‘‘ఏదో ఒకటి అంటా ఉండండన్నయ్యగారూ, నేను తుడుచుకుంటా వింటాను’’ అనేది. నేను చేస్తున్న పనినే పైకి చెప్పేవాణ్ణి. ‘‘ఇప్పుడు ఈ కీలుకు నూనె పెడతాండా. ఇప్పుడు తుడుస్తాండా. ఈ బోల్టు వదులైంది మ్మా.’’ ఆమె ఊఁ కొట్టేది.

ఆ ఇంటి సర్వీసు తేదీ వారం ముందు నుంచే నా మనసులో మెదిలేది. షంషాద్‌తో చెప్పాను కూడా. ‘‘పాపం, వెళ్ళినప్పుడల్లా కాస్త ఎక్కువసేపు ఉండిరా’’ అంది.

టేపు

తలుపుకు కింద, నేల నుంచి జానెడు ఎత్తున, రెండు పక్కలా చిన్న సెన్సర్లు ఉంటాయి. మేము వాటిని కళ్ళు అంటాం. ఒకటి కంటికి కనబడని వెలుతురు పంపుతుంది, రెండోది అందుకుంటుంది. మధ్యలో పిల్లి అడ్డమొచ్చినా దిగుతున్న తలుపు ఆగి వెనక్కి లేస్తుంది. అబూ ఫహద్ ఇంట్లో ఇంకో ఏర్పాటు ఉండేది. కారు బయటికి వెళ్ళిన రెండు నిమిషాలకు తలుపు దానంతట అదే మూసుకునేది.

ఒక వేసవిలో గాలి అసలు ఆగలేదు. కళ్ళ మీద ఇసుక పేరుకుని ఆ తలుపు మాటిమాటికీ సగం దిగి లేచిపోయేది. ఇంటివాళ్ళు ఫోను చేస్తే రెండుసార్లు వెళ్ళి తుడిచి వచ్చాను. మూడో ఫోనుకు ఉస్తాద్ ‘ఎలాగైనా ముగించు’ అన్నాడు. నిజానికి ఆ కళ్ళకు చిన్న రేకు గొడుగులు బిగించాలి, వాటి చూపు ఎదురెదురుగా సరిచెయ్యాలి. గంట పని. ఆ రోజు నాకు ఇంకా ఆరు ఇళ్ళున్నాయి. రెండు కళ్ళనూ పీకి, ఒకదానికొకటి ఎదురుగా పెట్టి, నల్ల టేపు చుట్టి, మోటారు పక్కన కప్పు కింద అరలో పెట్టేశాను. ఇక వాటి మధ్యకు ఏదీ రాదు. ఇసుక పట్టిన చక్రాల కోసం మోటారు బలం కూడా ఒక గీత పెంచాను. తలుపు ఎక్కడా ఆగకుండా మూసుకుంది.

వారంలో వచ్చి సరిచేద్దాం అనుకున్నాను. ఆ వారం రానే లేదు. ఇలా చేసింది నేనొక్కణ్ణే కాదు. ఎవరూ చెప్పకపోతే రేపు మీరూ చేస్తారు.

ఆ సాయంత్రం

మూడు వారాల తర్వాత, సాయంత్రం అసర్ నమాజు వేళకు ఉస్తాద్ ఫోను చేశాడు. అబూ ఫహద్ ఇంట్లో తలుపు పనిమనిషి మీద పడిందట, వెంటనే రమ్మన్నాడు. దారి పొడుగునా నా కళ్ళకు ఆ టేపే కనబడింది.

వెళ్ళేసరికి ఉస్తాద్ ముందే వచ్చి ఉన్నాడు. నాగమణి గ్యారేజీ మెట్టు మీద కూర్చుని ఉంది. ఆసుపత్రిలో కుడిచేతికి మోచేతి దాకా కట్టు కట్టించి తెచ్చారు. ఆమె మీద ఫహద్ మండిపడుతున్నాడు. అతని వాదన సూటిగా ఉంది. తను కారు తీసుకుని వెళ్ళాక తలుపు దానంతట అది మూసుకుంటుంది. ఎవరైనా అడ్డముంటే పైకి లేస్తుంది. అంటే అది మూసుకున్నాకే ఈమె ఎర్ర తాడు లాగి, తలుపును చేత్తో ఎత్తి పారిపోబోయింది. బరువు ఆపలేక చేతి మీద వేసుకుంది. కాబట్టి హురూబ్ పెట్టాలి.

హురూబ్ అంటే పనిమనిషి పారిపోయిందని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, చేసే ఫిర్యాదు. అది పడితే ఆమె పోలీసుల చేతుల మీదుగా తప్ప ఊరికి పోవడానికి ఉండదు. నాలుగేళ్ళ తర్వాత దొరికిన మొదటి సెలవు ఆమెకు ఇంకా రెండు నెలల దూరంలో ఉంది.

నాగమణి నన్ను చూసి లేచి నిలబడింది. ‘‘తాడు నేను ముట్టుకోలేదన్నయ్యగారండీ. నేల కడుగుతున్నానండీ. మీరైనా చెప్పండి, నా మాట ఈళ్ళకి అర్థం కావట్లేదు.’’

పైకి చూశాను. మోటారుకూ తలుపుకూ లంకె ఊడలేదు. కేక విని ఉమ్ ఫహద్ పరుగున వచ్చి గోడ మీట నొక్కితే తలుపు మోటారుతోనే లేచిందట. అంటే తాడు ఎవరూ ముట్టుకోలేదు. ఆ మాట నేను చెప్పవచ్చు. చెబితే, మరి తలుపు ఎందుకు ఆగలేదని అడుగుతారు.

ఉస్తాద్ అప్పటికే నిచ్చెన ఎక్కి టేపు ముద్దను చూశాడు. ఇంటి మగవాళ్ళు అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్‌లోకి వెళ్ళగానే నా పక్కకు వచ్చి ఉర్దూలో మెల్లగా అన్నాడు. ‘‘వాళ్ళను నేను గహ్వా కాఫీ దగ్గర కూర్చోబెడతాను. పావుగంటలో కళ్ళు కింద బిగించెయ్. తాడు లాగిందంటున్నారు, అననీ.’’

‘‘మరి ఆమె, ఉస్తాద్?’’

‘‘ఎలాగూ ఇంటికి పోయేదే కదా.’’

నేను వెంటనే కాదనలేదు. ఇది కూడా రాయాలి. రెంచి తీసుకుని నిచ్చెన ఎక్కాను. ఉద్యోగం పోతుంది, పంపించేస్తారు అన్న మాటే బుర్రలో తిరుగుతోంది. ఉస్తాద్ ఏమన్నాడో నాగమణికి తెలియదు. ఆమె కింద నుంచి తల ఎత్తి, ‘‘ఏమంటున్నారండీ?’’ అంది.

తెలుగులో ఆమెకు అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

టేపు ముద్దను తీగల నుంచి కోసి, చేత్తో పట్టుకుని దిగి, మజ్లిస్ గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ‘‘అనా గల్తాన్, యా అబూ ఫహద్. హాదా అనా సవ్వైత్’’ అన్నాను. తప్పు నాది, ఇది నేనే చేశాను అని. వచ్చిన అరబ్బీ అంతా కూడదీసుకుని కళ్ళ సంగతీ తాడు సంగతీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఉస్తాద్ నేల వైపే చూశాడు.

అబూ ఫహద్ ఆ ముద్దను అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కేకలు వేయలేదు.

‘‘తలుపు మూసుకోవడం లేదని చెప్పాను. దాని కళ్ళు మూయమన్నానా?’’ అన్నాడు.

తర్వాత కొడుకు వైపు తిరిగి, ‘‘ఖలాస్. హురూబ్ లేదు’’ అన్నాడు. నాతో, ‘‘తలుపు సరిగ్గా చేసి వెళ్ళు. మళ్ళీ ఈ ఇంటికి రాకు’’ అన్నాడు.

గంటలో చేయవలసిన పనిని రెండు గంటలు చేశాను. కళ్ళు కింద బిగించాను. గొడుగులు పెట్టాను. మోటారు బలం తగ్గించాను. తలుపు కింద అట్టపెట్టె పెట్టి పదిసార్లు దించి చూశాను. పదిసార్లూ వెనక్కి లేచింది. మధ్యలో నాగమణిని లోపలికి పిలిచారు. వెళుతూ ‘‘ఉంటానండీ’’ అంది. రెండు నెలలకు ఆమె సెలవు మీద ఊరికి వెళ్ళిందనీ, తిరిగి రాలేదనీ ఆ తర్వాత ఎవరో చెప్పారు.

జుబైల్

ఉస్తాద్ నన్ను ఉద్యోగంలోంచి తీయించలేదు. జుబైల్‌కు, గోదాముల షట్టర్ల మీదికి పంపించాడు. రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. పని మానుకుని తన దేశం వెళ్ళిపోయే ముందు మాత్రం జుబైల్ దాకా వచ్చాడు. తను వాడిన ఇనుప కడ్డీలు నా చేతిలో పెట్టాడు. ఇద్దరం టీ తాగాం. ఆ రోజు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన లేకపోతే నా చేతులకు పది వేళ్ళు మిగిలేవి కావు. ఆ సాయంత్రం ఆయన చెప్పిన మాట తప్పు. ఈ రెండూ నిజమే. మీకూ ఇలాంటి పెద్దలు దొరుకుతారు. పని నేర్చుకోండి, ప్రతి మాటా నేర్చుకోకండి.

తర్వాత నన్ను మళ్ళీ ధహ్రాన్‌కు మార్చారు. ఒకరోజు ఆ వీధిలో వేరే ఇంటికి పోతుంటే అబూ ఫహద్ గుమ్మంలో నిలబడి చెయ్యెత్తి వ్యాన్ ఆపాడు. బాగా ముసలివాడయ్యాడు. ‘‘తలుపు చప్పుడు చేస్తోంది. నువ్వే చూడు’’ అన్నాడు.

నేను బిగించిన గొడుగులు అలాగే ఉన్నాయి. ఇంట్లో ఇప్పుడు ఇండోనేషియా ఆమె పని చేస్తోంది. కీలుకు నూనె పెట్టి, ‘‘ఇప్పుడు తుడుస్తాండా’’ అనేశాను పైకి. నాకు తెలియకుండానే వచ్చిందా మాట. గుమ్మం వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. ఆ ఒక్క కీలునే చాలాసేపు తుడిచాను.

రాజోలు దగ్గర

ఫైనల్ ఎగ్జిట్ తీసుకుని, ఇక తిరిగి పోకుండా, నిరుడు వచ్చేశాను. ఇప్పుడు నా చుట్టూ తెలుగే. వీధిలో, బస్సులో, టీకొట్టులో ఎంత కావాలంటే అంత. కానీ ఆ వేడి గ్యారేజీలో గంటసేపు విన్న తెలుగు లాంటిది ఇక్కడ దొరకడం లేదు. మధ్యాహ్నం కునుకు పడితే తలుపు పైకి పోతున్న చప్పుడు వినబడుతుంది. లేచి కూర్చుంటాను. ‘‘వచ్చేశావు కదా, ఇంకా ఎక్కడ తిరుగుతున్నావు?’’ అంటుంది షంషాద్.

మొన్న ఎండాకాలం స్నేహితుడి కూతురి పెళ్ళికి రాజమండ్రి వెళ్ళాను. ‘‘అంత దూరం పోయి ఆమెను చూడకుండా వస్తావా?’’ అని పంపింది కూడా షంషాదే. రాజోలు బస్సెక్కాను. ఊరి పేరు సరిగ్గా గుర్తు లేక మూడు ఊళ్ళు తిరిగాను. సౌదీ వెళ్ళొచ్చిన నాగమణి అంటే ప్రతి ఊళ్ళోనూ ఒక నాగమణి ఉంది. చేతి సంగతి చెబితే చివరికి ఒక కిళ్ళీకొట్టాయన ఇల్లు చూపించాడు.

రోడ్డు పక్కన అరుగు మీద, అటు తిరిగి కూర్చుని కొబ్బరి ఈనెలు చీలుస్తోంది. జుట్టు సగం నెరిసింది.

‘‘బాగుండావా మ్మా?’’ అన్నాను.

తల తిప్పకుండానే, ‘‘రాయచోటి అన్నయ్యగారు!’’ అంది.

కూతురు బళ్ళో లెక్కల టీచరట. అది చెబుతున్నప్పుడు ఆమె ముఖం చూడాలి. తను మళ్ళీ సౌదీ వెళ్ళలేదు. మణికట్టు పూర్తిగా తిరగదు, ఈనెలు ఎడమచేత్తో చీల్చడం అలవాటు చేసుకుంది. ఇన్నేళ్ళూ దాచుకున్న మాట అన్నాను. ‘‘నీ చెయ్యి అట్లయింది నా వల్లనే మ్మా. మన్నించమని అడిగేదానికి వచ్చినా.’’

ఆమె చాకు పక్కన పెట్టింది.

‘‘మీకొకటి చెప్పాలండీ. ఆ రోజు నేను నేల కడగట్లేదండీ.’’

నేను అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాను.

‘‘ఫహద్ బాబు కారు ఎళ్ళిపోయింది. తలుపు తెరిచే ఉంది. బకెట్టు అక్కడ దొర్లించేసి బయటికి నడిచేసేనండీ. ఎక్కడికో నాకే తెలీదు. మీ వ్యాను ఎటు పోయేదో అటు. మూడిళ్ళు దాటేను. పాస్‌పోర్టు ఆళ్ళ దగ్గరే, చేతిలో ఏం లేదు. పోదామనే పోయేనండీ.’’

‘‘మరి?’’

‘‘పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేనని గుర్తొచ్చింది. పెద్దావిడ లోపల పడుకుని ఉంది. గబగబా ఎనక్కొచ్చేను. తలుపు సగం దిగిపోయింది. వంగి దూరబోయేను, నేలంతా నీళ్ళు, జారేను. పోయేటప్పుడు కాదండీ. తిరిగొచ్చేటప్పుడు పడింది.’’

రోడ్డు మీద ఎవరో సైకిలు మీద పోతూ ఆమెను పలకరించారు. ఆమె వినలేదు.

‘‘మీరు నా కోసం అంత మాట మీదేసుకున్నారు. నేను అబద్ధం ఆడేనని తెలిస్తే ఏమనుకుంటారో అని ఇన్నేళ్ళూ బెంగండీ.’’

‘‘నీ చోట నేనుంటే నేనూ పోయేవాణ్ణి మ్మా’’ అన్నాను. ‘‘పాల కోసరం మాత్రం తిరిగొచ్చేవాణ్ణి కాదు.’’

ఆమె నవ్వింది. ఆ మూడేళ్ళలో ఆమె నవ్వగా నేను ఒక్కసారీ చూడలేదు. నవ్వు ఆగక ఎడమచేత్తో నోరు మూసుకుంది.

రాజమండ్రి బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. కండక్టరు మా వైపు చూశాడు. ఇద్దరం బస్సును చూశాం. నేను లేవలేదు. అది వెళ్ళిపోయింది.